కియాంతి కొండల్లో పాత ఇల్లు, పన్నెండు మంది, ఏడు రాత్రులు

ఇటలీ పల్లెలో విల్లా అద్దెకు తీసుకోవడం అంటే ఈతకొలనున్న రిసార్టులో గదులు తీసుకోవడం లాంటిదే అనుకుంటే, పొరపాటు బుకింగ్ రోజునే మొదలవుతుంది. టస్కనీ ప్రాంతంలో ఫ్లోరెన్స్, సియెనా మధ్య ఉన్న కియాంతి కొండల్లో దొరికే పాత ఇళ్లలో ఎక్కువ భాగం వ్యవసాయం చేయించడానికి కట్టినవి. గోడల మందం, కిటికీల ఎత్తు, మెట్లు, పొయ్యి, నీళ్ల తొట్టి, అన్నీ ఆ పని లెక్కన కుదిరాయి. ఆ లెక్క తెలుసుకుని ఉంటే వారం రోజులు ఇల్లే మనల్ని చూసుకుంటుంది. తెలియకపోతే రోజూ దానితో కుస్తీ పట్టాలి.

ముందు ఇంటి సంగతి. మధ్యలో భూస్వామి విల్లా. దాన్ని ఆనుకుని లెక్కలు చూసే కార్యాలయం, వైన్ పీపాల నేలమాళిగ, ఆలివ్ గానుగ, ధాన్యం కొట్టు. వీటన్నిటినీ కలిపి ఫత్తోరియా అంటారు. చుట్టూ గుట్టకొకటి చొప్పున రైతుల రాతి ఇళ్లు, ఒక్కో ఇంటి కింద ఒక్కో పొలం. ఆ పొలాన్ని పొదేరె అంటారు. మన దగ్గర కోరుకో, పాలుకో పొలం ఇచ్చినట్టే, ఇక్కడ ఒకప్పుడు పంట సగం యజమానికి, సగం సాగు చేసే కుటుంబానికి. ఈ పద్ధతి పేరు మెజ్జాద్రియా. 1964లో వచ్చిన చట్టం ఇలాంటి కొత్త ఒప్పందాలను నిషేధించింది. అప్పటికే రైతు కుటుంబాలు ఫ్యాక్టరీ పనులకు పట్నాల దారి పట్టాయి. అలా ఖాళీ పడిన ఇళ్లనే తర్వాత బాగుచేసి అద్దెకివ్వడం మొదలైంది.

గదులు పంచుకునేటప్పుడు ఈ చరిత్ర నేరుగా పనికొస్తుంది. రైతు ఇంట్లో కింద పశువులు, పైన మనుషులు ఉండేవారు. చలికాలంలో పశువుల వెచ్చదనం పై గదులకు ఎక్కేది. ఇప్పుడు ఆ పశువుల కొట్టమే కింది పడకగది. కప్పు ఇటుక కమాను, కిటికీ చిన్నది. జూలైలో ఇంతకన్నా చల్లటి గది ఇంట్లో ఉండదు, ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ మాత్రం చెమ్మ వాసన వేస్తుంది. పై గదుల్లో చెస్ట్‌నట్ దూలాలు, పెంకుల కప్పు, మంచి గాలి, దూరం దాకా చూపు ఉంటాయి. ఆగస్టులో రాత్రి 11 దాటినా పెంకులు వేడి వదులుతూనే ఉంటాయి. చాలా ఇళ్లకు పైకి వెళ్లే మెట్లు బయటే ఉంటాయి. రాతి మెట్లు, ఒక్కోటీ ఒక్కో ఎత్తు, కొన్నిచోట్ల పట్టుకోడానికి కమ్మీ కూడా ఉండదు. అమ్మమ్మా తాతయ్యా వస్తుంటే కింద పడకగది ఉందా, దానికి స్నానాలగది ఆనుకుని ఉందా అనే రెండు ప్రశ్నలూ అడ్వాన్సు కట్టకముందే అడగాలి. ఫోటోల్లో ఈ సంగతి ఎప్పుడూ కనబడదు. ఇంటి ప్లాను పంపమంటే చాలామంది యజమానులు పంపిస్తారు.

బుకింగ్‌లో చూసుకోవలసినవి

"పన్నెండు పడకలు" అని రాసి ఉంటే లెక్క విడదీసి చూడాలి. మాత్రిమొనియాలె అంటే దంపతుల మంచం, సుమారు 160 సెంటీమీటర్ల వెడల్పు. అల్లా ఫ్రాంచేజె అంటే 140, ఇద్దరు పెద్దవాళ్లకు ఇరుకే. ఉనా పియాజ్జా ఎ మెజ్జా అంటే 120, ఒక మనిషికి సుఖం, ఇద్దరు పిల్లలకు సరిపోతుంది. హాల్లో సోఫా మంచాన్ని కూడా రెండు పడకలుగా లెక్క వేస్తారు. అక్కడ పడుకున్నవాళ్లకు మిగతావాళ్లంతా లేచేదాకా ఏకాంతం ఉండదు. నా లెక్కలో పన్నెండు మందికి ఆరు పడకగదులు, కనీసం నాలుగు స్నానాలగదులు. అంతకు తగ్గితే వారం మధ్యలో మాటలు పెరుగుతాయి.

స్నానాలగది విషయంలో ఒక సౌకర్యం ఉంది. 1975 నాటి నిబంధన ప్రకారం ఇటలీలో ప్రతి ఇంట్లో కనీసం ఒక స్నానాలగదిలో బిదె, అంటే కమోడు పక్కన కూర్చుని కడుక్కునే కుళాయి తొట్టి, తప్పనిసరి. మగ్గు కోసం వెతుక్కునే మనవాళ్లకు ఇది పెద్ద ఊరట. వేడినీళ్ల సంగతి మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి. 80 లీటర్ల గీజరు అయితే వరసగా ముగ్గురికి సరిపోతుంది, నాలుగోవాళ్లకు గోరువెచ్చన, ఐదోవాళ్లకు చన్నీళ్లు. సగం మంది పొద్దున, సగం మంది సాయంత్రం ఈతకొలను నుంచి వచ్చాక స్నానం చేస్తే ఏ ఇంట్లోనైనా ఇబ్బంది రాదు.

ప్రకటనలో సి.ఐ.ఎన్. అనే గుర్తింపు కోడ్ ఉందో లేదో చూడండి. 2025 జనవరి 1 నుంచి తక్కువ రోజుల అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ అది తప్పనిసరి, ప్రకటనలోనూ ఇంటి గుమ్మం దగ్గరా కనబడాలి. కోడ్ లేని ఇంటికి డబ్బు పంపవద్దు. చేరిన రోజున యజమాని అందరి పాస్‌పోర్టు వివరాలు అడుగుతాడు. 24 గంటల్లోగా పోలీసుల వెబ్‌సైటులో నమోదు చేయడం అతని బాధ్యత కాబట్టి అనుమానపడనక్కర్లేదు.

హైదరాబాద్, విజయవాడ నుంచి కొందరు, లండన్ నుంచి ఒక కుటుంబం, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మరొకటి వచ్చి ఇక్కడ కలుసుకునే బృందాలు ఇప్పుడు బాగా పెరిగాయి. వీళ్లకు వీసా దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంటి ఒప్పందం ఒక్కరి పేరు మీదే ఉంటుంది, మిగతావాళ్ల దరఖాస్తులో బసకు ఆధారం ఉండదు. పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా అందరి పేర్లూ, పాస్‌పోర్టు నంబర్లూ, తేదీలూ వేసి యజమాని సంతకంతో ఒక లేఖ తీసుకోండి. బ్రిటన్‌లో ఉంటున్నా, అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్నా, చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ వీసా కావాల్సిందే. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

అద్దె వారానికి, శనివారం నుంచి శనివారం దాకా. సాయంత్రం 4, 5 గంటలకు తాళాలిస్తారు, వచ్చే శనివారం పొద్దున 10కల్లా ఖాళీ చేయాలి. అద్దెలో కలవనివి ఏమేమిటో రాతపూర్వకంగా తీసుకోండి: చివరి రోజు శుభ్రం చేసే రుసుము, హీటింగు, కొన్నిచోట్ల కరెంటు, పూచీ డబ్బు, ఊరి పన్ను. ఊరి పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని ఆ మున్సిపాలిటీ నిర్ణయిస్తుంది, చిన్నపిల్లలకు మినహాయింపు ఉంటుంది. తరచూ నగదే అడుగుతారు.

ఏ నెల అంటే, జూన్ మొదటి సగం నా మొదటి ఎంపిక. చీకటి పడ్డాక పొలం గట్ల మీద మిణుగురులు లేస్తాయి, రాత్రికి పల్చటి దుప్పటి చాలు. కొలనులో నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి, అదొక్కటే లోటు. సెప్టెంబర్ రెండో సగం ద్రాక్షకోత కాలం. సన్నటి రోడ్ల మీద ట్రాక్టర్లు, గాలిలో పులుస్తున్న ద్రాక్ష వాసన. అక్టోబర్ చివర్లో, నవంబర్‌లో వెళితే గానుగ నుంచి అప్పుడే దిగిన ఆకుపచ్చ ఆలివ్ నూనె దొరుకుతుంది, గొంతులో మిరియంలా మండుతుంది. అప్పుడు హీటింగు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి, మందపాటి రాతి గోడలు వేడెక్కడానికే ఒక రోజు పడుతుంది. ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండుగ. ఆ చుట్టుపక్కల రోజుల్లో ఊళ్లలో సగం దుకాణాలు మూసి ఉంటాయి.

కార్లు, దారి

ఈ ఇళ్లకు వీధి పేరు ఉండదు. చిరునామా "లొకాలితా ఫలానా" అనో "పొదేరె ఫలానా" అనో ఉంటుంది, ఫోను మ్యాపు పక్క కొండకు తీసుకెళ్లి వదిలేస్తుంది. అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి, ఆఖరి రెండు మూడు కిలోమీటర్ల గురుతులు రాయించుకోండి. అక్కడ తారు ఉండదు, తెల్లటి కంకర రోడ్డు. వానకు కోసుకుపోయిన గాళ్లలో కిందికి దిగి ఉండే కారు అడుగు రాసుకుంటుంది. వెలుగుండగానే చేరడం మంచిది.

పన్నెండు మందికి తొమ్మిది సీట్ల వ్యాను ఒకటి, చిన్న కారు ఒకటి అని చాలామంది లెక్క వేస్తారు. నేనైతే మూడు మామూలు కార్లే తీసుకోమంటాను. వ్యాను దాదాపు రెండు మీటర్ల వెడల్పు, ఈ ఊళ్ల రాతి కమానుల కింద తిప్పడం కష్టం. పైగా ఒకే వ్యాను ఉంటే ఒకరికి గుడి చూడాలని ఉన్నా, ఇంకొకరికి పడుకోవాలని ఉన్నా అందరూ ఒకేచోటికి వెళ్లాలి. మూడు కార్లుంటే ఎవరి పొద్దు వాళ్లది. భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు ఉండాలి. ఆటోమేటిక్ గేరు కావాలంటే నెలల ముందే చెప్పాలి, అద్దె కార్లలో చేతి గేరువే ఎక్కువ.

జరిమానాలు వచ్చేది వేగం కన్నా ఎక్కువగా జెడ్.టి.ఎల్., అంటే వాహనాల మీద ఆంక్షలున్న ప్రాంతాల వల్ల. ఫ్లోరెన్స్, సియెనా పాత ఊళ్లలోకి అనుమతి లేని వాహనాలు వెళ్లకూడదు. ఎర్ర వలయం ఉన్న తెల్ల బోర్డు, దాని పక్కన కెమెరా ఉంటాయి. ఎవరూ ఆపరు. నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది, దానికి ముందే కారు అద్దె సంస్థ మీ వివరాలు ఇచ్చినందుకు కార్డు మీద వేరే రుసుము కోసుకుంటుంది. ఒకే కమాను కింద రెండుసార్లు వెళితే రెండు జరిమానాలు. సియెనాలో సాంతా కతరీనా పార్కింగులో కారు పెట్టి ఎస్కలేటర్ల మీద ఊళ్లోకి ఎక్కవచ్చు. ఫ్లోరెన్స్‌కు ఏ1 మోటర్‌వే మీద నుంచే చేరగలిగే విల్లా కోస్తాంజా పార్కింగు ఉంది, అక్కణ్నుంచి ట్రాము. ఊరి బయట పగలు కూడా హెడ్‌లైట్లు వేసే ఉంచాలి.

ఇంటికి చేరే ముందే సరుకులు కొనండి. పల్లె దుకాణాలు మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా మూస్తారు, ఆదివారం కొన్ని అసలు తెరవరు. మొదటి రాత్రికి, మర్నాటి పొద్దుటికి పన్నెండు మందికి కావలసినవి ఇవి: పాస్తా 1.2 కిలోలు, 700 గ్రాముల టమాటా పస్సాతా (వడకట్టిన గుజ్జు) సీసాలు రెండు, వెల్లుల్లి, లీటరు ఆలివ్ నూనె, రొట్టె రెండు కిలోలు, పాలు నాలుగు లీటర్లు, గుడ్లు రెండు డజన్లు, పళ్లు, కాఫీ పొడి. కూరగాయలు ఎంచుకునేటప్పుడు ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, మీరే తూచి, చీటీ అంటించాలి. ఆ చీటీ లేకుండా బిల్లు దగ్గరికి వెళితే వెనక్కి పంపుతారు.

కరెంటు

ఈ ఇళ్లలో సుఖాన్ని చెడగొట్టేది ఎక్కువగా కరెంటే. ఇటలీలో మామూలు ఇంటి కనెక్షన్ 3 కిలోవాట్లు, మీటరు 3.3 దాకా ఒప్పుకుంటుంది. పెద్ద విల్లాలకు 6, కొన్నిటికి 10 ఉంటుంది. ముందే అడగండి. ఓవెను 2 నుంచి 2.5 కిలోవాట్లు, బట్టల మిషను నీళ్లు వేడిచేసేటప్పుడు 2, గిన్నెల మిషను అంతే, కెటిల్ 2, జుట్టు ఆరబెట్టే యంత్రం దాదాపు 2. సాయంత్రం ఏడింటికి కింద ఓవెను, పైన ఇద్దరు జుట్లు ఆరబెట్టుకోవడం, గదుల్లో ఏసీలు. ఇల్లంతా ఒక్కసారి చీకటి.

అప్పుడు ముందు ఇంట్లో ఉన్న స్విచ్చుల పెట్టె చూడండి. అందులో ఏ స్విచ్చూ పడిపోయి లేకపోతే పడింది బయటి మీటరే. అది ఇంటి గోడకు ఉండకపోవచ్చు. గేటు దగ్గరో, కంకర రోడ్డు మొదట్లో ఇనుప తలుపు ఉన్న గూట్లోనో ఉంటుంది. పగటిపూటే వెళ్లి చూసి, తాళం ఎక్కడుందో తెలుసుకుని, గుమ్మం దగ్గర ఒక టార్చి పెట్టుకోండి. వేడిచేసే యంత్రాలన్నీ ఆపి, అప్పుడు మీట పైకెత్తాలి. ఆపకుండా ఎత్తితే మళ్లీ పడుతుంది. ఒక్క నియమం చాలు: వేడిచేసే యంత్రం ఒకసారికి ఒకటే. దాన్ని కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించండి.

వోల్టేజీ మనదే, 230. మన సన్న గుండ్రటి రెండు పిన్నుల చార్జర్లు నేరుగా పడతాయి. లావు మూడు పిన్నులవి పట్టవు. ఇటలీ సాకెట్టులో మూడు రంధ్రాలు ఒకే గీతలో ఉంటాయి, అందులో సన్నది, లావుది రెండు రకాలు. ఎడాప్టరుతో మిక్సీ ఆడుతుంది. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కరు లాంటివి చవక ఎడాప్టరు మీద పెడితే అది కరుగుతుంది.

కిటికీ రెక్కలు

ఏసీ లేని ఇంట్లో ఉండలేమని చాలామంది భయపడతారు. అర మీటరు, అంతకన్నా మందం ఉన్న రాతి గోడ పగటి వేడిని లోపలికి రానివ్వడానికి చాలా గంటలు తీసుకుంటుంది. కిటికీలు సరిగ్గా వాడితే జూలైలో కూడా హాలు చల్లగా ఉంటుంది. మనవాళ్లు గాలి రావాలని పగలంతా కిటికీలు బార్లా తెరుస్తారు, దాంతో వేడి లోపలికొచ్చి కూర్చుంటుంది.

కిటికీకి బయట వైపు ఆకుపచ్చ రంగు కర్ర రెక్కలు ఉంటాయి, పలకలు వాలుగా అమర్చినవి. వీటిని పెర్సియానె అంటారు. పొద్దున 8, 9 మధ్య తూర్పు, దక్షిణం వైపు రెక్కలు మూయాలి, మధ్యాహ్నానికి పడమర వైపువి. చాలా రెక్కలకు కింద సగం విడిగా మడత బందు మీద బయటికి లేస్తుంది. దాన్ని చెయ్యంత తోసి ఉంచితే ఎండ రాదు, నేల మీద పడిన వెలుగు మాత్రం వస్తుంది. ఆ వెలుగు పుస్తకం చదువుకోవడానికి సరిపోతుంది. సూర్యుడు దిగాక, జూలైలో సుమారు 9 గంటలకు, ఇల్లంతా తెరిచి రాత్రి గాలి లోపలికి తీసుకోవాలి. తెరిచిన రెక్క గోడకు ఆనుకుని నిలవడానికి గోడలో చిన్న ఇనుప బిళ్ల ఉంటుంది. కొన్ని ఇళ్లలో అది బొటనవేలంత మనిషి తల ఆకారంలో పోతపోసి ఉంటుంది. తల నిటారుగా ఉంటే రెక్క పట్టి ఉన్నట్టు, పక్కకు వాలితే విడిపోయినట్టు. ఆగస్టు ఉరుముల వాన పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆ బిళ్ల తిప్పకుండా వదిలేసిన రెక్క గోడకు కొట్టుకుని పలకలు విరుగుతాయి, ఆ ఖర్చు పూచీ డబ్బులోంచి పోతుంది.

దోమలకు తెరలు అన్ని ఇళ్లలో ఉండవు. సాయంత్రం దీపం వేసే ముందే కిటికీ మూయడం, దోమల చుట్ట వెలిగించడం తప్పదు. పాత గోడల మీద చిన్న నల్ల తేళ్లు కనిపించవచ్చు. కుడితే తేనెటీగ కుట్టినంత నొప్పి. చెప్పులు దులిపి వేసుకోండి. గడ్డిలో నడిచొచ్చాక పిల్లల కాళ్లు, మోకాళ్ల వెనక పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఈ ఇళ్లకు ఊరి డ్రైనేజీ ఉండదు, సెప్టిక్ ట్యాంకే కాబట్టి తడి తువ్వాళ్లు, శానిటరీ వస్తువులు కమోడులో వేయకూడదు. కొలనుకు కంచె ఉందో లేదో, తోటలోకి తలుపు లోపల నుంచి గొళ్లెం పడుతుందో లేదో చిన్నపిల్లల తల్లిదండ్రులు చేరగానే చూసుకోవాలి.

వంట

పన్నెండు మందికి పాస్తా అంటే పెద్ద పని. 100 గ్రాములకు లీటరు నీళ్లు, లీటరుకు 10 గ్రాముల ఉప్పు. అంటే 12 లీటర్లు మరగాలి, పెద్ద గిన్నె అయితే ముప్పావుగంట. అందరికీ ఆకలి వేశాక నీళ్లు పెడితే రాత్రి పదవుతుంది. రెండు గిన్నెల్లో సగం సగం పెట్టుకుంటే త్వరగా మరుగుతాయి. ఇండక్షన్ పొయ్యి అయితే పైన చెప్పిన కరెంటు లెక్క గుర్తుపెట్టుకోవాలి. అల్యూమినియం ప్రెషర్ కుక్కరు ఇండక్షన్ మీద అసలు వేడెక్కదు.

మన వంట వండకుండా వారం గడపలేని పెద్దవాళ్లుంటే కందిపప్పు, చింతపండు, కారం, పోపు సామాను ఇంటి నుంచే తేవాలి. పాలు, నెయ్యి, పాలతో చేసిన మిఠాయిలు, మాంసం యూరప్‌లోకి తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. దుబాయ్, దోహా మీదుగా వస్తుంటే గసగసాలు పొరపాటున కూడా పెట్టెలో పెట్టకండి, అక్కడ అవి నిషిద్ధం, జైలు దాకా వెళ్తుంది వ్యవహారం. తొక్క తీసిన ఎర్రపప్పు (మసూర్), బాస్మతి ఇక్కడి సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. ఎర్రపప్పు కుక్కరు లేకుండానే 20 నిమిషాల్లో ఉడుకుతుంది. అర్బోరియో, కర్నరోలి బియ్యం రిసోత్తో అనే జారుడు అన్నం వంటకానికి, మామూలు అన్నానికి వండితే ముద్ద అవుతుంది. పెరుగు తోడుకు చక్కెర లేని తెల్ల యోగర్టు, మీగడ తీయని తాజా పాలు తీసుకోండి.

ఈ ఇంటి నేల కాల్చిన మట్టి పలక, కొత్తో అంటారు. ఫ్లోరెన్స్ దగ్గరి ఇంప్రునెతా ఊరు దానికి ప్రసిద్ధి. అది నూనెను పీల్చుకుంటుంది. ఆవకాయ నూనె చుక్క పడితే తుడవకుండా వెంటనే పిండో, టాల్కం పౌడరో చల్లి వదిలేయాలి. పాలరాతి గట్టు మీద పసుపు, నిమ్మరసం రెండూ మచ్చలే మిగులుస్తాయి. పోపు తోటలోని బయటి పొయ్యి మీద వేసుకుంటే దూలాలకు వాసన పట్టదు.

ఆ బయటి కట్టెల పొయ్యి ఈ ఇంట్లో అన్నిటికన్నా గొప్ప వస్తువు. వారంలో ఒక సాయంత్రం పూర్తిగా దానికే ఇవ్వాలి. ముందు యజమానిని అడగండి, ఎండాకాలంలో మంటల మీద ఆంక్షలుంటాయి. పదమూడు పిజ్జాలకు పిండి కొలత: మైదా లాంటి 0 రకం పిండి 2 కిలోలు, నీళ్లు 1.25 లీటర్లు, ఉప్పు 50 గ్రాములు, తాజా ఈస్టు 6 గ్రాములు. దుకాణంలో "లియేవితో ది బిర్రా" అని అడగాలి. "పెర్ దోల్చి" అని రాసి ఉన్న పొట్లం వెనిల్లా కలిపిన బేకింగ్ పౌడరు, దానితో పిజ్జా కేకులా వాసన వేస్తుంది. పొద్దున పదింటికి కలిపి, మధ్యాహ్నం 250 గ్రాముల ఉండలు చేసి, తడిబట్ట కప్పి ఏడింటిదాకా వదిలేయాలి. మొజరెల్లా 1.2 కిలోలు ముక్కలు కోసి రెండు గంటలు జల్లెడలో ఓడ్చాలి. ఈ పని మానేస్తే పిజ్జా మధ్యలో నీటి మడుగు కడుతుంది. 400 గ్రాముల తొక్కతీసిన టమాటా డబ్బాలు మూడు చేత్తో చిదిమి ఉప్పు కలిపితే చాలు, ఉడికించకూడదు.

మంట ఐదింటికి మొదలుపెట్టండి. మొదటి అరగంట పుల్లలతో చిన్న మంటే వేయాలి. వారాల తరబడి వాడని పొయ్యిలో చెమ్మ ఉంటుంది, ఒక్కసారిగా పెద్ద మంట వేస్తే ఇటుక పగులుతుంది. తర్వాత ఎండు ఓక్ కట్టెలు, మొత్తం 10 నుంచి 15 కిలోలు. పైకప్పు ముందు మసితో నల్లబడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ మసి కాలిపోయి ఇటుక మళ్లీ తెల్లగా కనబడుతుంది. అదే గుర్తు. నిప్పులు ఒక పక్కకు నెట్టి, నేల ఊడ్చి, చిటికెడు పిండి చల్లి చూడండి. ఐదారు సెకన్లలో గోధుమరంగుకు వస్తే సరి. పడగానే నల్లగా మాడితే పది నిమిషాలు ఆగాలి. పిజ్జా రెండు మూడు నిమిషాల్లో కాలుతుంది, నిప్పుల వైపు అంచు ముందు మాడుతుంది కాబట్టి సగంలో తిప్పాలి. పొయ్యిలో నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకూడదు.

పిజ్జాలయ్యాక ఆ వేడి వృథా చేయవద్దు. టస్కనీ రైతులు ఆరిపోతున్న పొయ్యిలో బొబ్బర్ల లాంటి తెల్ల చిక్కుళ్లు వండేవారు. ముందురోజు రాత్రి నానబెట్టిన కన్నెల్లీని గింజలు అరకిలో, నీళ్లు లీటరున్నర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, సేజ్ ఆకులు, అరకప్పు ఆలివ్ నూనె మట్టికుండలో పోసి, మూత పెట్టి, నిప్పులకు దూరంగా ఉంచి పొయ్యి తలుపు మూసేయండి. పొద్దున్నకి గింజ చెక్కు చెదరకుండా లోపల వెన్నలా ఉంటుంది. ఉప్పు అప్పుడు వేయాలి. ఉప్పు వేయని టస్కనీ రొట్టె చప్పగా ఉందని మొదటి రోజు అందరూ పక్కనపెడతారు. ఈ చిక్కుళ్ల రసంలో ముంచితే దాని గుణం తెలుస్తుంది.

శాకాహారులకు ఇక్కడ మంచి వంటలున్నాయి: రొట్టె, కూరాకులు వేసి చేసే రిబొల్లీతా చారు, రొట్టె, టమాటాల పప్పా అల్ పొమొదోరో, వెల్లుల్లి టమాటా సాసుతో లావు పాస్తా పీచి అల్లాల్యోనె. అయితే చారులో రుచికి పంది మాంసం ముక్క వేసే వంటవాళ్లున్నారు, "మాంసం లేదు" అన్న మాటలో ప్రోషుత్తో అనే ఉప్పుపెట్టిన పంది తొడ మాంసం లెక్కలోకి రాకపోవచ్చు. "నోన్ మాంజ్యామో కార్నె, పేషె, ప్రోషుత్తో" (మేము మాంసం, చేప, ప్రోషుత్తో తినం) అని విడివిడిగా చెప్పాలి. పార్మిజానో రెజ్జానో చీజుకు పాలను గడ్డకట్టించే, దూడ కడుపులోని రెన్నెట్ తప్పనిసరి. నియమం గట్టిగా పాటించేవాళ్లు అది తినరు. పన్నకోత్తా అనే మీగడ మిఠాయిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది.

రోజులు గడపడం

వారంలో మూడు విహారాలు చాలు. నాలుగైతే ఇల్లు నిద్రపోయే చోటుగా మిగులుతుంది, అంత అద్దె పెట్టిందీ వృథా. పొద్దున 8.30కి బయల్దేరి, తొమ్మిదింటికి సియెనా కాంపో చౌకులో కాఫీ తాగి, ఒంటిగంటకు ఇంటికి వచ్చేయాలి. బుధవారం అక్కడ పెద్ద సంత. పాలియో గుర్రప్పందాలు జూలై 2న, ఆగస్టు 16న. ఆ రోజు పందెం చూడడానికే అయితే వెళ్లండి, ఊరు చూడడానికి వద్దు. శనివారం పొద్దున గ్రేవె ఊరి చౌకులో సంత. వోల్పాయా, మోంతెఫియొరాల్లె చిన్న ఊళ్లు, సాయంత్రం గంటన్నరలో చూసి రావచ్చు. రికాజొలి వంశం వారి బ్రోల్యో కోట తోట నుంచి సియెనా దాకా కనిపిస్తుంది. పియెంజా ఊరు, వాల్ దోర్చా లోయ ఇక్కణ్నుంచి దూరం. రానుపోను మూడు గంటలు కారులో కూర్చోబెట్టి పిల్లల్ని అలసగొట్టే కన్నా వాటికోసం ఇంకోసారి ఆ వైపే ఇల్లు తీసుకోవడం మేలు.

మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా ఎవరూ ఎవరినీ పిలవకూడదు. ఊళ్లోనూ చాలాసేపు దుకాణాలు మూసే ఉంటాయి, తోటలో కీచురాళ్ల లాంటి సికాదాల మోత తప్ప శబ్దం ఉండదు. పెద్ద బృందంలో గొడవలు ఎక్కువగా "ఇప్పుడేం చేద్దాం" అన్న ప్రశ్నతోనే మొదలవుతాయి. ఈ మూడు గంటలు ఆ ప్రశ్న లేకుండా ఉంటే రాత్రి భోజనానికి అందరూ ఇష్టంగా వచ్చి కూర్చుంటారు. భోజనం ఎనిమిదిన్నరకు, ఒకే పొడుగు బల్ల మీద, తోటలోనే.

వంట, గిన్నెలు జంటల వారీగా రోజుకొకరికి వేయండి. వండినవాళ్లు ఆ రాత్రి గిన్నెలు ముట్టుకోకూడదు. వారంలో ఒక రాత్రి స్థానిక వంటమనిషిని పెట్టుకోండి. మనిషికి ఇంత అని మాట్లాడుకుంటే సరుకులు తనే తెచ్చుకుని, వండి, వంటిల్లు కడిగి వెళ్తారు. వేసవిలో అయితే నెల ముందే చెప్పాలి.

డబ్బు లెక్క చేరకముందే తేల్చుకోవాలి. అద్దె గదిని బట్టి, తిండి మనిషిని బట్టి. సొంత స్నానాలగది ఉన్న గది 1.2 వాటా, మామూలుది 1, పిల్లల గది 0.6 అని ముందే ఒప్పుకుంటే ఎవరికి ఏ గది అన్నది తగువు కాదు. తిండికి ఒక్కొక్కరు సమానంగా వేసి ఒక ఉమ్మడి సంచి పెట్టండి, వైన్ సీసాల ఖర్చు దానికి బయట ఉంచండి. తాగనివాళ్ల మీద ఆ భారం పడడం న్యాయం కాదు.

శుక్రవారం రాత్రే సర్దుకోవాలి. చెత్త తడి, కాగితం, ప్లాస్టిక్, గాజు, మిగతాది అని వేరు చేసి, ఏ రోజు ఏది తీసుకెళ్తారో ఫ్రిజ్ మీది కాగితంలో చూసి బయట పెట్టాలి. పొయ్యి బూడిద పూర్తిగా చల్లారాక ఇనప బకెట్‌లో తీయాలి. హీటింగు, కరెంటు మీటర్ల అంకెలు చేరిన రోజున ఒకసారి, ఇప్పుడొకసారి ఫోటో తీసి ఉంచితే బిల్లు మీద వాదన రాదు. శనివారం పొద్దున పై అంతస్తు నుంచి మొదలుపెట్టి, ఒక్కో కిటికీ దగ్గర ఇనుప బిళ్ల తిప్పి, రెక్కలు లోపలికి లాగి గొళ్లెం వేసుకుంటూ కిందికి దిగాలి. చివరికి వంటింటి తలుపు ఒక్కటే మిగులుతుంది. తాళంచెవి దాని పక్కన మేకుకు తగిలించి బయటికి రావడమే.